నాన్నగారి పాత వెబ్లీ రివాల్వర్‌కి బాబాయి దగ్గర ఎంత అడిగితే న్యాయంగా ఉంటుంది?

సోంపేట_చిన్నోడు
అందరికీ నమస్తే అండి. మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నగారు పోయాక ఆయన లైసెన్సు మీదున్న రివాల్వర్ని గన్ షాపులో డిపాజిట్ చేసేసాం, రసీదు నా దగ్గర ఉంది. నాకు గాని తమ్ముడికి గాని లైసెన్సు లేదు, తీసుకునే ఉద్దేశం కూడా లేదు, ఇంట్లో చిన్నపిల్లలు, అమ్మ అయితే ఆ వస్తువు గుమ్మం దాటి లోపలికి రాకూడదని ముందే చెప్పేసింది. కాబట్టి అమ్మడమే.

వెబ్లీ అండ్ స్కాట్ అనే ఇంగ్లండు కంపెనీది, మార్క్ ఫోర్ మోడల్, పాయింట్ 32 బోరు (గొట్టం లోపలి కొలత), ఆరు రౌండ్లది, మూడంగుళాల బ్యారెల్. మధ్యకి విరిగి తెరుచుకుంటుంది. కంపెనీ వేసిన నీలం పూత సిలిండర్ (తూటాలు పెట్టే ఆరు గదుల డబ్బా) గాళ్ళల్లో తప్ప ఎక్కడా పెద్దగా మిగల్లేదు. ఎడం పక్కన తుప్పు తిన్న గుంటలున్నాయి, ఎందుకంటే 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పైకప్పు రేకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళు దిగాయి, అప్పుడది తోలు ఒరలోనే ఉంది, కరెంటు లేదు ఏమీ లేదు, ఇల్లు సర్దుకునే గొడవలో నాన్నకి దాని సంగతి గుర్తొచ్చేసరికి ఒర బిగుసుకుపోయింది. పిడి మీద నల్ల గ్రిప్పు కింద మూల కాస్త పగిలింది.

ఇప్పుడు సమస్య రేటు. షాపాయన 50 వేలు ఇస్తానన్నాడు. తమ్ముడు ఎవరో చెప్తే విని 4 లక్షలకి తక్కువ ఇవ్వొద్దంటున్నాడు. కొనుక్కుంటానన్నాయన నాన్నగారి స్నేహితుడు, చిన్నప్పట్నుంచి బాబాయి అనే పిలుస్తాం, లైసెన్సు ఉంది, తీసుకోడానికి పర్మిషనూ ఉంది. నువ్వు ఎంతంటే అంత ఇస్తాను నాన్నా అన్నారు. అదే ఇంకా కష్టమైపోయింది నాకు. ఎక్కువ చెప్తే ఆయన మాట్లాడకుండా ఇచ్చేస్తారు, తక్కువ చెప్తే అక్కకీ తమ్ముడికీ నేను సమాధానం చెప్పాలి. తెలిసినోళ్ళు కాస్త చెప్పండి.

జీడితోట_పలాస
ఎంతంటే అంత ఇస్తాననే బాబాయి మాకూ ఒకరుంటే బాగుణ్ణు. మా బాబాయి జీడిపిక్కల బస్తా దగ్గరే తూకం రెండుసార్లు వేయిస్తాడు 😂

మోడరేటర్
ఒక మాట. ఇక్కడ రేటు గురించి మాట్లాడుకోవచ్చు, బేరాలు మాత్రం పెట్టకూడదు. నాకు కావాలి, ఇన్‌బాక్స్‌కి రండి లాంటి పోస్టులు తీసేస్తాం. సీరియల్ నంబరు, లైసెన్సు నంబరు కనిపించే ఫోటోలు కూడా వద్దు. చిన్నోడు గారూ, మీ రెండో ఫోటోలో నంబరు కనపడుతోంది, అది తీసేసాను, ఏమీ అనుకోవద్దు.

రిటైర్డ్_నాయక్
బాబూ ముందు ఆ 50 వేలూ 4 లచ్చలూ రెండూ పక్కన ఎట్టు. ఫోటో సూసి రేటు సెప్పినోడి మాట ఇనకు, నాతో కలిపి. పైన తుప్పు కంటికి కనపడతాది గాని డబ్బు తేలేది లోపల. నాను ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుసేసే పని, సేసినోణ్ణి, ఇప్పుడు ఆమదాలవలసలో ఉంటన్నాను. షాపులో డిపాజిట్ ఉంది గదా, షాపాయన ముందరే సూడాల, నువ్వు ముట్టుకోకు, లైసెన్సున్న మీ బాబాయినో షాపులో మిస్త్రీనో సూడమను. నువ్వు పక్కనుండి రాసుకో.

మొదట తెరిచి ఆరు గదులూ కాళీ అని ఇద్దరు సూడాల. ఆనక బ్యారెల్‌కి ఎనకనుంచి తెల్ల కాయితం అడ్డం ఎట్టి మొబైల్ లైటు కాయితం మీద కొట్టి ముందునుంచి సూడాల. గొట్టం లోపల గీసిన గాళ్ళు మెలి తిరిగినట్టు పదునుగా కనపడితే బాగున్నట్టు, మధ్యలో నల్లటి సుక్కలు సుక్కలుగా ఉంటే లోపల కూడా తుప్పు తినేసినట్టే. ఒక దగ్గర ఉంగరం లాగ నల్లగా కనపడితే బ్యారెల్ ఉబ్బిందన్నమాట, అప్పుడింక రేటు మాటే ఒగ్గేయ్.

తరవాత మూసి, బ్యారెల్ ఒక సేత్తోటి పిడి ఒక సేత్తోటి పట్టుకొని పైకీ కిందకీ ఊపాల. విరిగే రకంకి ప్రాణం అంతా పైన కొక్కెంలోనూ కింద కీలులోనూ ఉంటాది. లొడలొడలాడితే సేనా వాడేసినట్టు. ఆ తరవాత హ్యామర్, అదే ఎనకున్న సుత్తిముక్క, బొటనేలితోటి మెల్లగా, సేనా మెల్లగా ఎనక్కి లాగాల. హ్యామర్ ఆగే ముందరే సిలిండర్ టక్కుమని తాళం పడిపోవాల. హ్యామర్ ఆగిపోయినా సిలిండర్ ఇంకా కదుల్తుందంటే టైమింగ్ పోయినాది. ఆరు గదులకీ ఆరుసార్లు సూడండి, ఒకటి బాగుండి ఇంకోటి తప్పొచ్చు. లాస్టున సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు. జిరాక్స్ కాయితం ముక్క దూరితే మంచిదే, విజిటింగ్ కార్డు దూరిందంటే ఎక్కువైపోయింది.

కాళీ రివాల్వర్ టకటకా నొక్కి ఆడనివ్వకు. పాత హ్యామర్ ముక్కు విరిగితే ఆ పార్టు ఎక్కడ దొరుకుద్ది నీకు.

బొబ్బిలి_వీణ
నాయక్ గారు చెప్పింది అయ్యాక నాది ఒక ప్రశ్న. దీని వయసెంత? నాన్నగారు ఎవరి దగ్గర కొన్నారు? బ్యారెల్ మీదా సిలిండర్ మీదా చిన్న కిరీటం గుర్తు కింద ఏవో అక్షరాలుంటాయి, అవి చూసి చెప్పండి. వెబ్లీ అనగానే అందరూ బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిది అనేస్తారు, మా వైపు అయితే ప్రతి పాత తుపాకీ రాజుగారి వేటకి వెళ్ళొచ్చిందే.

సోంపేట_చిన్నోడు
అవునండి ఇంట్లో అదే చెప్తారు 🙂 ఒక ఎస్టేటు దొరగారు తాతగారికి బహుమానంగా ఇచ్చారని, తాతగారి నుంచి నాన్నకి వచ్చిందని. కాగితం ఏమీ లేదు. నాన్నగారి పాత లైసెన్సు పుస్తకాలు మాత్రం ఉన్నాయి, రెన్యువల్ ముద్రలతో సహా. షాపులో భూతద్దం పెట్టి చూసాం, కిరీటం కింద బి ఎన్ పి అని మూడక్షరాలు ఉన్నాయి.

బొబ్బిలి_వీణ
అయితే తేలిపోయింది. అది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. ఇంగ్లండులో ఏ తుపాకీ అయినా అమ్మేముందు ప్రూఫ్ హౌస్‌లో మామూలు కంటే ఎక్కువ తుపాకిమందు పెట్టి కాల్చి చూసి, పగలకపోతే ఆ ముద్ర కొడతారు. 1904 తర్వాత చాలాకాలం బి పి, బి వి, ఎన్ పి అని వేరు వేరు ముద్రలుండేవి. మూడక్షరాలూ కలిపి ఒకే కిరీటం కింద వేయడం 1954 రూల్స్ తర్వాతే మొదలైంది. అంటే మీది ఎంత పాతదనుకున్నా 1950ల మధ్యలోదో ఇంకా ఇటుదో. మన దగ్గర ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిందే 1948లో. దొరగారు దొరతనంలో ఉండగా ఇచ్చింది కాదు ఇది. తర్వాత ఇచ్చి ఉండొచ్చు, కాదనను.

తాతగారి మాట అబద్ధమని కాదండి. ఇంట్లో కథ ఇంట్లో ఉండనివ్వండి, పిల్లలకి చెప్పుకోండి, రేటులో మాత్రం కలపొద్దు. కథకి డబ్బు రావాలంటే కాగితం ఉండాలి, బహుమానం ఇచ్చిన ఉత్తరమో పేరు చెక్కిన రేకో ఏదో ఒకటి. ఆ లైసెన్సు పుస్తకాలు మాత్రం పారేయకండి, కొన్నవాడికి అదే జాతకం.

టెక్సాస్_నరసన్నపేట
లేటుగా చూసాను థ్రెడ్డు. ఇక్కడ అమెరికాలో పాత రివాల్వర్లు కొనే అలవాటు ఉంది నాకు కాస్త, ఇక్కడ రేటు ఎలా కడతారో చెప్తా, రేటు కాదు పద్ధతి. ఇక్కడ ముందు చూసేది ఫ్యాక్టరీ నీలం ఎంత శాతం మిగిలింది అని. 95 శాతం ఉన్నదానికీ 60 శాతం ఉన్నదానికీ మధ్య ధర సగానికి సగం పడిపోవచ్చు, రెండూ ఒకేలా కాల్చినా సరే. తర్వాత ఎన్ఆర్ఏ అని ఇక్కడి తుపాకీల సంఘం, వాళ్ళ గ్రేడింగు ఉంది, ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్ అని. గుడ్ అంటే మన భాషలో మంచిది అనుకునేరు, కాదు. పని చేస్తుంది, పార్టులేవీ విరగలేదు, పనికి అడ్డొచ్చే తుప్పు లేదు, అంతే. ఫెయిర్ అంటే బాగా అరిగిపోయింది, చిన్న చిన్న పార్టులు మార్చాల్సి రావొచ్చు, తుప్పు గుంటలు ఉండొచ్చు గాని కాల్చడానికి ప్రమాదం లేదు. మీ ఫోటోలు చూస్తే గుడ్‌కీ ఫెయిర్‌కీ మధ్యలో ఎక్కడో ఉంది, లోపల తేలాక ఇటో అటో.

ఇంకోటి, 1898లో గాని అంతకుముందు గాని తయారైతే ఇక్కడ చట్టం దాన్ని యాంటిక్ కింద వేరేగా చూస్తుంది కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూ ధర మారిపోతుంది. మీ తమ్ముడు అమెరికా వేలంపాటల సైట్లు చూసి ఉంటే అక్కడి అంకెల్ని రూపాయల్లోకి మార్చి అటూ ఇటూ వాదించొద్దని చెప్పండి. ఇక్కడ పాత వెబ్లీలు షాపుల్లో వరసగా దొరుకుతాయి. అక్కడ మీకు దొరకవు. రెండు సంతలూ వేరు.

కోటజంక్షన్_కుర్రాడు
అన్నా నువ్వు అమాయకుడిలా ఉన్నావ్. ఇంపోర్టెడ్ వెబ్లీ అంటే యూపీలో బీహార్లో లక్షలు పోసి కొంటారు, మా ఫ్రెండు వాళ్ళ మావయ్య లక్నోలో చూసాడంట 5 లక్షలు. 4కి తగ్గకు. 50 వేలన్న షాపోడు రేప్పొద్దున్న దాన్నే 3కి అమ్ముకుంటాడు చూడు.

గంటస్తంభం_విజీనారం
కుర్రాడు గారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం ఏంటో చెప్తాను.

మనకి విదేశీ చేతి తుపాకులు ఎందుకు ఖరీదంటే 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు దిగుమతి చేసుకోడానికి వీల్లేకుండా చేసారు. అప్పటికి దేశంలో ఉన్నవే ఉన్నవి, అవే చేతులు మారుతున్నాయి. అందుకే పాత వెబ్లీ గాని స్మిత్ అండ్ వెస్సన్ గాని కోల్ట్ గాని అద్దంలా ఉంటే లక్షలు పలికింది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ లక్షలు పలికింది అద్దంలా ఉన్నదానికి. తుఫాన్లో తడిసినదానికి కాదు.

రెండోది, పాయింట్ 32 వెబ్లీ లాంటిదే కావాలంటే ఇప్పుడు దారులున్నాయి. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, అంటే సర్కారు ఆయుధాల ఫ్యాక్టరీ, వాళ్ళ పాయింట్ 32 రివాల్వరు ఉండనే ఉంది. 2014లో ఆడవాళ్ళ కోసమని నిర్భీక్ అని తేలికది తెచ్చారు, అరకేజీ బరువు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. వెబ్లీ కంపెనీయే ఇక్కడి వాళ్ళతో కలిసి యూపీ హర్దోయి జిల్లాలో పాయింట్ 32 తయారీ పెట్టింది, 2020లో పేపర్లలో 1.6 లక్షలని వచ్చింది. దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లూ పిస్తోళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పోయింది. కాబట్టి కొత్తది కొనేవాడికి భారం పెరిగింది, ఆ మేరకు పాతదానికి కాస్త ఊపిరి ఆడింది. అయినా అరిగిపోయిన పాతది కొత్తదాని ధర దాటి పోతుందా చెప్పండి.

మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2019లో ఆయుధాల చట్టం మార్చారు గదా, అంతకుముందు ఒక లైసెన్సు మీద మూడు ఉండొచ్చు, ఇప్పుడు రెండే. అంటే కొనేవాడు డబ్బు ఒక్కటే పెట్టట్లేదు, తనకున్న రెండు ఖాళీల్లో ఒకటి పెడుతున్నాడు. మీ బాబాయి ఆ ఖాళీని మీ వెబ్లీకి ఇచ్చేస్తే రేపు మంచిది దొరికినా తీసుకోలేరు, దీన్ని అమ్ముకుంటే తప్ప. గుంటలు పడ్డదానికి జనం వెనకాడేది అందుకే. ఏ వస్తువుకైనా కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నారో అదే ధర, ఈ వస్తువుకి మన జిల్లాల్లో కొనేవాళ్ళెంతమందండీ? లైసెన్సు ఉండాలి, ఖాళీ ఉండాలి, పర్మిషన్ ఉండాలి, పాత వస్తువంటే ఇష్టం ఉండాలి. అలాంటి మనిషి మీ గుమ్మంలోకే వచ్చి అడుగుతున్నాడు.

నాగావళి_గట్టు
గంటస్తంభం గారు చెప్పిన 2019 దెబ్బ నాకు తగిలింది. నా లైసెన్సు మీద మూడుండేవి, ఒకటి వదిలేయాలని ఏడాది గడువిచ్చారు. అందరూ ఒకేసారి అమ్మకానికి పెట్టేసరికి అడిగేవాడు లేడు, ఒకాయన ఫోన్లో లక్షన్నర అన్నాడు, వచ్చి చూసి సిలిండర్ కాస్త వదులుగా ఉందని 60కి దిగాడు, టీ తాగి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఫోను ఎత్తలేదు. ఆఖరికి షాపుకే ఇచ్చేసాను. షాపు వాళ్ళని తిట్టుకోకండి గాని, వాళ్ళు ఇచ్చేది ఎప్పుడూ తక్కువే ఉంటుంది ఎందుకంటే అది ఏడాది రెండేళ్ళు అలమరాలో కూర్చోవచ్చు, రిజిస్టర్లో చూపించాలి, నూనె పెట్టాలి, దానికి డబ్బు ఇరుక్కుపోతుంది. షాపు మాటని కింది గీత అనుకోండి, అంతే. అంతకంటే తక్కువకి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, బాబాయికైనా.

కోటజంక్షన్_కుర్రాడు
సరే అయితే ఒక ఐడియా. మా వీధిలో బుల్లెట్ బళ్ళకి పాలిష్ కొట్టేవాడు ఉన్నాడు, ఆ గుంటలన్నీ బఫింగ్ కొట్టించి నీలం ఎక్కించేస్తే కొత్తదానిలా మెరుస్తుంది, 5 వేలు ఖర్చు, లక్ష పెరుగుతుంది. సింపుల్.

బొబ్బిలి_వీణ
అమ్మబాబోయ్ వద్దు!! బఫింగ్ చక్రం పెడితే అంచులన్నీ సబ్బుబిళ్ళలా గుండ్రమైపోతాయి, అక్షరాలు మాసిపోతాయి, స్క్రూ గుంటలు సాగిపోతాయి. పాత వస్తువు తెలిసినవాడు చూడగానే పట్టేసి సగానికి అడుగుతాడు. నిజాయితీగా తుప్పు పట్టినదానికి గౌరవం ఉంటుంది, మేకప్ వేసినదానికి ఉండదు.

గంటస్తంభం_విజీనారం
గౌరవం సంగతి అటుంచండి, అది జైలు దారి. ఆయుధాల చట్టం సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీద నంబరు చెరపడం, మార్చడం నేరం. బఫింగ్‌లో నంబరు అరిగిపోయిందని చెప్తే వినేవాడు ఉండడు. పైగా లైసెన్సున్న గన్‌స్మిత్ కాకుండా వీధిలో పాలిష్ కొట్టేవాడికి ఆ వస్తువు చేతికివ్వడమే తప్పు. కుర్రాడు గారూ, మీరు సరదాగానే అన్నారనుకుంటాను.

కోటజంక్షన్_కుర్రాడు
సరదాకే సరదాకే 🙏 ఒగ్గేయండి

సోంపేట_చిన్నోడు
నాయక్ గారూ మీరు చెప్పినట్టే షాపులో బాబాయి చేతే చూపించాం, షాపు మిస్త్రీ కూడా ఉన్నాడు. నేను పక్కన కాగితం పట్టుకుని రాసుకున్నాను.

బ్యారెల్ లోపల గాళ్ళు కనపడుతున్నాయి, ముందు వైపు పదునుగానే ఉన్నాయి, సిలిండర్ వైపు మొదట్లో మాత్రం నల్ల చుక్కలు అక్కడక్కడ. ఉంగరం లాంటిది లేదు. ఊపితే పైన కొక్కెం దగ్గర కొంచెం కదులుతోంది, బాబాయి అది వెంట్రుకవాసి అన్నారు, మిస్త్రీ మాత్రం మొహం అదోలా పెట్టాడు. హ్యామర్ మెల్లగా లాగితే ఐదు గదులకి టక్కుమని ముందే తాళం పడింది, ఆరోదానికి మాత్రం హ్యామర్ ఆగాక వేలితో కాస్త తోస్తే పడింది. మిస్త్రీ ఆ గది పక్కన సుద్దతో గీత పెట్టి మళ్ళీ చూసాడు, అప్పుడూ అంతే. జిరాక్స్ కాగితం దూరింది, విజిటింగ్ కార్డు దూరలేదు. సిలిండర్ మీద నంబరూ బాడీ మీద నంబరూ ఒకటే. గ్రిప్పు పగిలింది గాని అసలుదే, వెబ్లీ గుర్తు ఉంది.

బాబాయి ఇదంతా చూసి, ఇది మీ నాన్న చేతిది నాన్నా, టైమింగ్ గియిమింగ్ నాకెందుకు అన్నారు. నాకైతే ఏం మాట్లాడాలో తోచలేదు.

రిటైర్డ్_నాయక్
బాగా సూసినారు. అయితే ఇను. బ్యారెల్ మొదట్లో సుక్కలు, పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే టోపీల్లో ఉప్పు రకం మందు ఉండేది, కాల్చాక కడక్కపోతే అది అక్కడే తినేస్తాది, తుఫాను ఒక్కదాని పాపం కాదది. కాల్చడంకి ఇబ్బంది లేదు, గురి కొంచెం తగ్గుద్దేమో. ఆరో గది టైమింగ్ ఉన్నాది సూడు, అది రిపేరు. సిలిండర్ని తోసే మేకు అరిగిపోయుంటాది, లేదంటే ఆ గది పల్లు ఒకటి అరిగుంటాది. మంచి గన్‌స్మిత్ సేస్తాడు గాని ఆ పార్టు బజార్ల దొరకదు, సేత్తో అరగదీసి సెయ్యాల. ఆ కరుసు రేటులోంచి తీసెయ్యాల్సిందే. కొక్కెం ఊగుడు కొంచెవే అంటన్నావు గనక ఒగ్గేద్దాం, మిస్త్రీ మొహం అలగ ఎట్టినాడంటే బేరం తగ్గించడంకే 😄

రిపేరు అయ్యేవరకూ ఆరో గది కాళీగా ఉంచుకోమను మీ బాబాయిని. అది సరదా మాట కాదు.

టెక్సాస్_నరసన్నపేట
అయితే ఫెయిర్ కంటే పైన, గుడ్ కంటే కింద. నంబర్లు కలవడం, గ్రిప్పు అసలుదే కావడం రెండూ మీ వైపు మార్కులు. గ్రిప్పు మార్చకండి, చెక్కతో నగిషీ చేయించి పెట్టేవాళ్ళుంటారు, పగిలిన అసలుదే మేలు.

బొబ్బిలి_వీణ
ఇప్పుడు అంకె చెప్పుకుందామా. నా లెక్క ఇది, ఎవరైనా కాదనొచ్చు. ఇదే మోడల్ రంగు చెడకుండా లోపల శుభ్రంగా ఉంటే మన వైపు కొనేవాడు 2 లక్షల దాకా పెడతాడని నా అంచనా. రంగు పోయినందుకూ పైన గుంటలకీ అందులో మూడో వంతు పోయింది. బ్యారెల్ చుక్కలకి ఇంకో 20 వేలు. టైమింగ్ రిపేరుకి 15. లక్షకి కాస్త అటూ ఇటూ వస్తుంది.

నాగావళి_గట్టు
2 లక్షల నుంచి మొదలెట్టడమే ఎక్కువ వీణ గారూ. నేను 80 అంటాను. మీరు పుస్తకం ధర చెప్తున్నారు, నేను గుమ్మంలో నిలబడి నోట్లు లెక్కపెట్టే ధర చెప్తున్నాను.

బొబ్బిలి_వీణ
మీరు అమ్మింది అందరూ ఒకేసారి అమ్ముకున్న రోజుల్లో గట్టు గారూ, ఆ దెబ్బ ఇంకా మర్చిపోలేదు మీరు. కొత్తదాని మీద 40 శాతం పన్ను పడ్డాక పాతవాటికి అంత తక్కువ ఉండదు. ఇద్దరు మనుషులు చేసుకునే అమ్మకానికి ఆ పన్ను కూడా లేదు.

గంటస్తంభం_విజీనారం
మీ ఇద్దరి మధ్య తేడా 20 వేలే, దాని కోసం కొట్టుకోవడం ఎందుకు. కింద గీత షాపు 50. పైన గీత కొత్తది. లోపలి జబ్బు అంతా బయటపెట్టి చూపించారు కాబట్టి రేపు బాబాయి నన్ను మోసం చేసావురా అనడానికి లేదు. 80కీ లక్షకీ మధ్య ఎక్కడ ఆగినా అది న్యాయమైన ధరే అంటాను. ఇంక మీరు చూడాల్సింది మీ అక్కయ్యా తమ్ముడూ ఒప్పుకునేది ఏది అని. వారసులందరూ సంతకం పెడితేనే గదా కాగితం కదిలేది.

అరసవల్లి_ఆదివారం
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా తాతయ్య మిలటరీలో చేసారు, ఆయనది ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ పాయింట్ 38 ఉంది, ఇలాంటిదే, మధ్యకి తెరుచుకునేది. దానికి కూడా ఇదే రేటు వస్తుందా?

గంటస్తంభం_విజీనారం
రాదండి, దాని దారే వేరు. పాయింట్ 38, పాయింట్ 455 చేతి తుపాకులు ప్రొహిబిటెడ్ బోరు, అంటే నిషేధించిన కొలత, కిందకి వస్తాయి, వాటి లైసెన్సు కలెక్టరేట్‌లో తేలేది కాదు, కేంద్ర హోం శాఖ దాకా పోవాలి. కొనేవాళ్ళే ఉండరు. తాతయ్య గారి లైసెన్సు ఇప్పుడు ఎవరి పేర ఉంది, చెల్లుబాటులో ఉందా లేదా అది ముందు చూసుకోండి, రేటు తర్వాత. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ చెప్తాను.

సోంపేట_చిన్నోడు
అందరికీ థాంక్స్ అండి. నిన్న రాత్రి అక్కనీ తమ్ముణ్ణీ కాన్ఫరెన్స్ కాల్‌లో పెట్టి ఈ థ్రెడ్డంతా చదివి వినిపించాను. దొరగారి కథ పోయిందని అక్క బాధపడింది గాని తమ్ముడు మాత్రం ఆరో గది దగ్గర చల్లబడ్డాడు. ఆఖరికి 90 అడుగుదాం అన్నారు ఇద్దరూ, రిపేరు ఆయనదే అని.

ఈరోజు పొద్దున్న బాబాయి ఇంటికెళ్ళి రాసుకున్న కాగితం ఆయన ముందు పెట్టాను. చుక్కలు, కొక్కెం, ఆరో గది, అన్నీ. అడిగేది 90 వేలు అని చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివి, లక్ష ఇస్తానురా, మీ నాన్న ఉంటే నా దగ్గర డబ్బే తీసుకునేవాడు కాదు అన్నారు. నేను వద్దన్నాను. మీరు పదివేలు ఎక్కువిస్తే రేపు మిస్త్రీకి పాతిక పోసాక మీ అబ్బాయిలు నన్ను అంటారు బాబాయ్ అన్నాను. పిన్ని లోపల్నుంచి వాడు చెప్పింది కరెక్టే అంది. దాంతో ఆయన మాట్లాడలేదు. 90కే ఖాయం అయింది. తోలు ఒర మాత్రం ఇవ్వను అని చెప్పాను, అది మళ్ళీ తడి పట్టి దాన్ని తినేస్తుంది, గుడ్డలో చుట్టి నూనె పెట్టి ఉంచుకోండి అన్నాను.

ఇప్పుడు కాగితాల సంగతి చెప్పండి గంటస్తంభం గారూ.

రిటైర్డ్_నాయక్
మంచి పని సేసినావు బాబూ. నూనె ఎక్కువ పొయ్యొద్దను, పల్చగా తుడవాల.

గంటస్తంభం_విజీనారం
మీది లైసెన్సుదారు చనిపోయాక డిపాజిట్ అయిన వస్తువు, ఆయుధాల చట్టం సెక్షన్ 21 కింద. వారసులు దాన్ని తీసుకునే అర్హత ఉన్న మనిషికి అమ్మమని రాతపూర్వకంగా చెప్పొచ్చు. ముగ్గురూ అమ్మా కలిపి నలుగురూ నోటరీ అఫిడవిట్ మీద సంతకాలు పెట్టండి, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతపరచండి. షాపు ద్వారానే బాబాయి లైసెన్సులోకి ఎక్కించుకోవడం తేలిక. మామూలుగా ఒక లైసెన్సుదారు ఇంకొకరికి నేరుగా అమ్మితే కలెక్టరుకో స్టేషన్‌కో రాసి ఇచ్చి 45 రోజులు ఆగాలి, మీ విషయంలో ఏ దారి అడుగుతారో కలెక్టరేట్ ఆయుధాల సెక్షన్లో ముందే కనుక్కోండి, రెండుసార్లు తిరగక్కర్లేదు. డిపాజిట్ గడువు దాటిపోకుండా చూసుకోండి, దాటితే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు.

బాబాయి లైసెన్సు మీద యూఐఎన్ (లైసెన్సుదారుకిచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) ఉందా, కొనడానికి ఇచ్చిన గడువు ఇంకా ఉందా చూడండి. డబ్బు బ్యాంకు ద్వారా అమ్మగారి ఖాతాలోకే వేయించండి. రసీదులో కంపెనీ, మోడల్, బోరు, నంబరు అన్నీ రాయించి, ఆరో గది టైమింగ్ లోపం చూపించి అమ్మినట్టు ఒక లైను కూడా రాయించండి.

సోంపేట_చిన్నోడు
ఆ లైను బాబాయే రాయించమన్నారండి. సోమవారం శ్రీకాకుళం వెళ్తున్నాం ఇద్దరం.

జీడితోట_పలాస
సోమవారం గ్రీవెన్సు ఉంటుంది కలెక్టరేట్‌లో, జనం కిటకిటలాడిపోతారు. మంగళవారం వెళ్ళండి.